మార్చి లెక్కలు: రైతు నోటి మాట, బిన్నులో గింజ

ఏటా మార్చి చివర్లో అమెరికా వ్యవసాయ శాఖ ఒకే రోజు, ఒకే నిమిషంలో రెండు రిపోర్టులు వదులుతుంది. ఈ ఏడాది ఏ పంట ఎన్ని ఎకరాల్లో వేయాలని రైతులు అనుకుంటున్నారో ఒకటి చెబుతుంది. మార్చి 1 నాటికి ఎంత గింజ నిల్వ ఉందో, అది ఎవరి దగ్గరుందో రెండోది చెబుతుంది. వీటి మీద వచ్చిన ఉత్తరాల కట్టంతా సంపాదకులు నా వైపు తోశారు. సౌత్ డకోటా తూర్పు భాగంలో ఒక గ్రెయిన్ ఎలివేటర్ కాటా గదిలో నా ఉద్యోగమంతా గడిచింది కాబట్టి తప్పించుకునే దారి లేదు. ఎలివేటర్ అంటే రైతుల దగ్గర గింజ కొని, ఎత్తైన కాంక్రీటు గొట్టాల్లోకి ఎక్కించి, అక్కణ్నించి రైలు వ్యాగన్లు నింపే చోటు.

ప్రశ్న: మార్చిలో ఇక్కడ నేల ఇంకా గడ్డకట్టే ఉంటుంది. అప్పుడే ‘మొక్కజొన్న ఇన్ని కోట్ల ఎకరాలు’ అని వార్త వస్తుంది. ఆలూ లేదు చూలూ లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లేదూ? దాన్ని నమ్మొచ్చా?
— ఒక పాఠకుడు, మినియాపొలిస్

సామెత బాగానే పడింది గానీ, వ్యవహారం పూర్తిగా అలా కాదండీ. వ్యవసాయ శాఖలో గణాంకాల విభాగం ఒకటుంది, నాస్ అంటారు. మార్చి మొదటి రెండు వారాల్లో వాళ్లు సుమారు 70 వేల మంది రైతులను పోస్టులో, ఆన్‌లైన్‌లో, ఫోన్‌లో అడుగుతారు. ఏం వేశారని కాదు, ఏం వేయాలనుకుంటున్నారని. ‘ప్రాస్పెక్టివ్ ప్లాంటింగ్స్’, అంటే వేయబోయేవి, అని రిపోర్టు పేరులోనే ఆ సంగతి ఉంది. దాన్ని ‘వేశారు’ అని రాసే పత్రికలదే తప్పు.

అలాగని రైతు గాల్లోంచి చెప్పడు. మార్చి నాటికి అతని చేతులు చాలావరకు కట్టేసి ఉంటాయి. విత్తనం డిస్కౌంటులో దొరుకుతుందని చలికాలం మొదట్లోనే బుక్ చేసుకుంటాడు. మొక్కజొన్న వేద్దామనుకున్న చేలల్లో చాలామంది ముందటి శరదృతువులోనే, కోతలయ్యి నేల చల్లబడ్డాక, అమోనియా (నత్రజని ఎరువు) ఎక్కించేస్తారు. ఆ చేలో మనసు మార్చుకుని సోయా వేస్తే ఆ డబ్బు మట్టిపాలే, ఎందుకంటే సోయాకు కావలసిన నత్రజని చాలావరకు అదే చూసుకుంటుంది. పైగా పంట మార్పిడి ఉంది. పోయినేడు మొక్కజొన్న పండిన చోట ఈ ఏడు సోయా, సోయా పండిన చోట మొక్కజొన్న. చాలా ఇళ్లలో ఇది తాతల నాటి లెక్క.

ఇక మిగిలింది ధర. పంటల బీమాలో హామీ ధర ఫిబ్రవరిలో తేలుతుంది. నెల పొడుగునా డిసెంబర్ మొక్కజొన్న ఫ్యూచర్స్, నవంబర్ సోయా ఫ్యూచర్స్ (ఆ నెలల్లో ఇచ్చే గింజకు ఇప్పుడే కుదిరే బేరాలు) ఏ ధర దగ్గర ముగిశాయో చూసి, సగటు కడతారు. బీమా తీసుకోవడానికి ఈ ప్రాంతంలో గడువు మార్చి 15. అంటే నాస్ వాళ్లు ఫోన్ చేసే రోజుల్లోనే రైతు బీమా ఏజెంటు ముందు కూర్చుని ఉంటాడు. ఈ రెండు ధరల్లో సోయా ధరను మొక్కజొన్న ధరతో భాగించి చూడండి. ఆ అంకె పెరిగితే మొగ్గు సోయా వైపు, తగ్గితే మొక్కజొన్న వైపు. 2024లో బీమా ధరలు సోయాకు బుషెల్ (గింజ కొలిచే అమెరికా కొలత) 11.55 డాలర్లు, మొక్కజొన్నకు 4.62. భాగిస్తే 2.5. ఆ మార్చిలో రైతులు మొక్కజొన్న 9 కోట్ల ఎకరాలు, సోయా 8.65 కోట్ల ఎకరాలు అన్నారు. 2025లో సోయా 10.54, మొక్కజొన్న 4.70. భాగిస్తే 2.24. మొక్కజొన్న ఒక్కసారిగా 9.53 కోట్లకు ఎగిరింది, సోయా 8.35 కోట్లకు దిగింది. కాలిక్యులేటర్ ఉన్నవాళ్లెవరైనా ఆ మొగ్గు ఎటో ముందే చెప్పగలిగేవారు. ఎంత అన్నది మాత్రం సర్వే చేస్తేనే తెలిసేది.

నమ్మొచ్చా అంటే, ఆ రోజుకు అది నిజాయతీగా చెప్పిన మాట. మా కాటా గది కౌంటర్‌కి ఆనుకుని ఒక రైతు ఈ సర్వే ఫోన్‌కి జవాబు చెప్పడం విన్నాను. “మొక్కజొన్న ఇంత, సోయా ఇంత, గోధుమ లేదు” అని గబగబా చెప్పేశాడు. ఫోన్ జేబులో పెట్టుకుని నా వైపు తిరిగి, “వాగు పక్క పల్లపు చేను సంగతి వాళ్లడగలేదు, నేను చెప్పలేదు” అన్నాడు. ఆ పల్లపు చేను ఆరితే మొక్కజొన్న, ఆలస్యమైతే సోయా, ఆరకపోతే ఏమీ లేదు. మార్చి అంకెకూ, వేశాక జూన్ రిపోర్టులో వచ్చే అంకెకూ మధ్య తేడా అంతా ఇలాంటి పల్లపు చేలల్లోనే ఉంటుంది.

ఒక్కో ఏడు పల్లమేమిటి, మెరక కూడా మిగలదు. 2019 మార్చిలో మొక్కజొన్న 9.28 కోట్ల ఎకరాలు అన్నారు. తర్వాత వానలు వదల్లేదు. మే నెలాఖరు దాటితే మా వైపు మొక్కజొన్నకు పూర్తి బీమా ఉండదు, ఆ తర్వాత వేసే ఒక్కో రోజుకూ హామీ తగ్గుతూ వస్తుంది. చాలామంది ఇక వేయడం మానేసి, వేయలేకపోయినందుకు వచ్చే బీమా సొమ్ము తీసుకున్నారు. దేశం మొత్తం మీద అన్ని పంటలూ కలిపి 1.94 కోట్ల ఎకరాలు అలా బీడు పడ్డాయి. అందులో దాదాపు 39 లక్షల ఎకరాలు ఒక్క సౌత్ డకోటావే, ఏ రాష్ట్రంలోనూ అంత లేదు. చివరికి మొక్కజొన్న పడింది 8.97 కోట్ల ఎకరాల్లో. 2025లో దీనికి తలకిందులు. వసంతం అనుకూలించింది. మార్చిలో 9.53 కోట్లన్నది ఆగస్టులో 9.73కి, సెప్టెంబరులో 9.87 కోట్లకు పెరిగింది. మార్చి అంకె ఎటైనా జరగొచ్చు. అది తెలిసి చదివితే ఇబ్బంది లేదు.

ప్రశ్న: నేను కొద్దిపాటి సొమ్ముతో మొక్కజొన్న ఫ్యూచర్స్ ఆడుతుంటాను. రిపోర్టు వచ్చిన నిమిషంలో ఏ అంకె ముందు చూడాలి? అందరూ ఎకరాల అంకె అంటారు.
— ఒక పాఠకుడు, షికాగో

‘ఆడుతుంటాను’ అన్న మాట మీరే వాడారు కాబట్టి ఎప్పుడు కొనాలో, ఎప్పుడు అమ్మాలో నేను చెప్పను బాబూ. చదవడం ఎలాగో మాత్రం చెబుతాను. నేనైతే ఎకరాల రిపోర్టు పక్కన పెట్టి నిల్వల రిపోర్టు తెరుస్తాను. అందులోనూ మొత్తం నిల్వ చూడను. దాని కింద రెండు వరుసలుంటాయి: పొలాల దగ్గర ఉన్నది, పొలాల బయట ఉన్నది. పొలాల బయట అంటే ఎలివేటర్లు, మిల్లులు, ఇథనాల్ ఫ్యాక్టరీలు, రేవుల దగ్గర గోదాములు. ఆ గింజలో చాలావరకు రైతు చేయి దాటిపోయినదే. పొలం దగ్గరున్న గింజ మీద మాత్రం ఇంకా రైతు పెత్తనమే.

ఉదాహరణకు 2024 మార్చి 1న దేశంలో మొక్కజొన్న 835 కోట్ల బుషెళ్లు. అందులో 508 కోట్లు పొలాల్లోనే, ముందటేడు కంటే 24 శాతం ఎక్కువ. బయటి నిల్వ మాత్రం ఒక శాతం తగ్గింది. ఏమిటి దానర్థం? పంట పెద్దదే, నిజమే. కానీ కోతల తర్వాత ధర దిగుతూ వచ్చింది. రైతులు “ఈ ధరకు ఇవ్వను” అని బిన్నులకు, అంటే పొలం దగ్గరి రేకు గాదెలకు, తాళం వేశారు. మా కౌంటర్ దగ్గరికి కాఫీకి వస్తారు, బోర్డు మీద ధర చూస్తారు, వాతావరణం గురించి మాట్లాడి వెళ్లిపోతారు. అమ్మకం ఊసే ఎత్తరు.

మరుసటేడు, 2025 మార్చి 1న, మొత్తం నిల్వ 815 కోట్లు. పోయినేటి కంటే రెండు శాతమే తక్కువ. పైకి చూస్తే ఏమీ మారలేదు. లోపలికి చూడండి: పొలాల్లో 450 కోట్లు, 11 శాతం తగ్గింది. బయట 365 కోట్లు, 12 శాతం పెరిగింది. ఆ చలికాలంలో ధర పెరుగుతూ ఫిబ్రవరిలో 5 డాలర్ల దగ్గరికి వెళ్లింది. రైతులు అమ్మేశారు. గింజ దేశంలోనే ఉంది, చేతులు మారింది, అంతే. ఇప్పుడు పై జవాబులో రాసిన ఎకరాలు దీని పక్కన పెట్టి చూడండి. బిన్నుల్లో అమ్ముడుపోని గింజ కొండలా ఉన్న 2024లో మొక్కజొన్న 9 కోట్లన్నారు. మంచి ధరకు అమ్ముకుని కాస్త ఊపిరి పీల్చుకున్న 2025లో 9.53 కోట్లన్నారు. రెండు రిపోర్టులనూ విడివిడిగా చదివేవాళ్లకు ఈ ముక్క దొరకదు. నోటితో చెప్పేది మారవచ్చు, బిన్ను అబద్ధం చెప్పదు. ఇది నా అభిప్రాయం, దీంతో గొడవపడే ట్రేడర్లు బోలెడుమంది ఉన్నారు.

ఇంకో చిన్న పని. డిసెంబర్ 1 నిల్వలోంచి మార్చి 1 నిల్వ తీసేయండి. మధ్యలో కొత్త పంట రాదు కాబట్టి, ఆ తేడాయే మూడు నెలల వాడకం. ఇథనాల్‌కి ఎంత పోయిందో, ఎగుమతి ఎంతో వేరే లెక్కలున్నాయి. పశువులూ కోళ్లూ పందులూ ఎంత తిన్నాయో మాత్రం తూచేవాడు లేడు, ఈ తీసివేతలో మిగిలినదే దాని లెక్క. రిపోర్టు రోజు మార్కెట్ ఒక్కోసారి పిచ్చెక్కినట్టు ఎగరడానికి కారణం ఇదే. ఎవరూ చూడని వాడకం ఆ రోజు ఒక్కసారిగా బయటపడుతుంది.

ప్రశ్న: బుషెల్ అంటే ఎన్ని కిలోలు?
— ఒక విద్యార్థిని

పంటను బట్టి మారుతుందమ్మా. మొక్కజొన్న 25.4 కిలోలు, సోయా, గోధుమ 27.2 కిలోలు. టన్నుకు మొక్కజొన్నైతే 39 బుషెళ్లకు కాస్త పైన.

ప్రశ్న: ఇంత డబ్బు ఆధారపడిన అంకెలు ముందే లీక్ కావా? మన దగ్గర పరీక్ష పేపర్లే ఆగడం లేదు.
— ఒక పాఠకుడు, డాలస్

అయ్యాయి. 1905లో పత్తి అంచనాలు లీకయ్యాయి. అప్పట్లో వ్యవసాయ శాఖ గణాంకాల ఆఫీసులో ఎడ్విన్ హోమ్స్ అని ఒక అధికారి ఉండేవాడు. లెక్క ఎక్కువ వచ్చిందో తక్కువ వచ్చిందో బట్టి కిటికీ తెరను పైకో కిందికో జరిపి, బయట ఉన్నవాడికి సైగ చేసేవాడని చెబుతారు. బయటివాడు పరుగున పోయి బేరం పెట్టేవాడు. అది బయటపడి పెద్ద రభసైంది. అప్పట్నించే తలుపులు మూసి లెక్క కట్టే పద్ధతి గట్టిపడింది. లోపలికి వెళ్లినవాళ్లు రిపోర్టు వెలువడేదాకా బయటికి రాకూడదు, ఫోన్లు పనిచేయవు, కిటికీ తెరలు మూసి బిగించేస్తారు.

పాత్రికేయులను ముందే లోపలికి పిలిచి, రాసుకోనిచ్చి, సమయానికి వదిలే ఏర్పాటు ఒకటుండేది. 2018 ఆగస్టు నుంచి అదీ తీసేశారు. ఇప్పుడు వాషింగ్టన్ సమయం మధ్యాహ్నం 12 గంటలకు అందరికీ ఒకేసారి. 2013కి ముందు పొద్దున ఎనిమిదిన్నరకు వచ్చేది, కాఫీ తాగుతూ చదువుకునేవాళ్లం. ఇప్పుడు మార్కెట్ నడుస్తుండగానే పడుతుంది, కంప్యూటర్లు మనం మొదటి పేరా చదివేలోపు బేరాలు ముగించేస్తాయి.

ప్రశ్న: మేం ఈమధ్యే అయోవాలో ఊరి చివర ఇల్లు కొన్నాం. పక్క పొలంలో వెండి రంగు పెద్ద రేకు గాదెలు మూడున్నాయి. శరదృతువులో రాత్రంతా ఒకటే హోరు. వాటిల్లో గింజ ఎన్నాళ్లుంటుంది? మా పదేళ్ల వాడు నిచ్చెనెక్కి లోపలికి చూసొస్తానని గొడవ చేస్తున్నాడు.
— ఒక పాఠకురాలు

ముందు మీవాడి సంగతి అమ్మా. నిచ్చెన దగ్గరికి కూడా పోనివ్వకండి. ఎందుకో చెబుతాను, వాడికి చదివి వినిపించండి.

బిన్ను అడుగున మధ్యలో ఒక రంధ్రం ఉంటుంది. దాని కింద ఆగర్ అనే పొడవాటి మర తిరిగి గింజను బయటికి లాగుతుంది. పైనుంచి చూస్తే గింజ గట్టి నేలలా కనిపిస్తుంది. మర తిరుగుతున్నప్పుడు ఆ నేల నడిబొడ్డున సుడి తిరుగుతుంది. అందులో కాలు పెట్టినవాడు ఐదారు సెకన్లలో కదలలేని స్థితికి వస్తాడు, అర నిమిషం లోపే తల మునిగిపోతుంది. నడుం దాకా కూరుకుపోయిన మనిషిని పైనుంచి ముగ్గురు లాగినా రాడు. చుట్టూ రేకు పలకలు దించి, లోపలి గింజ తోడి, అప్పుడు తీయాలి. మర ఆగి ఉన్నా ప్రమాదమే. తేమతో పెట్టిన గింజ పైన బూజుపట్టి పెచ్చు కడుతుంది, దాని కింద గింజ జారిపోయి డొల్ల ఏర్పడుతుంది. ఆ పెచ్చు మీద నిలబడ్డవాడు డొల్లలోకి పోతాడు. పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు ఇలాంటి ప్రమాదాల వివరాలు దశాబ్దాలుగా సేకరిస్తున్నారు. 2009లో కోతలు తడితడిగా సాగాయి, ఆ గింజ బిన్నుల్లోకి వెళ్లింది. మరుసటేడు 2010లో 50 మందికి పైగా గింజలో కూరుకుపోయారు. మా దగ్గర పనివాళ్లకు ఒకటే రూలు: మర తాళం నీ జేబులో ఉంటే తప్ప, తాడు కట్టి పైన ఇంకో మనిషి ఉంటే తప్ప లోపల కాలు పెట్టకు.

హోరు ఫ్యాన్లది. మొక్కజొన్న కోసేటప్పుడు తేమ 20 శాతం, ఒక్కోసారి ఇంకా పైనే ఉంటుంది. ప్రొపేన్‌తో నడిచే డ్రయ్యర్లో ఎండబెట్టి దించుతారు. వసంతానికల్లా అమ్మేయాలనుకుంటే 15 శాతం చాలు. వేసవి దాకా ఉంచాలంటే 14, ఏడాది దాటాలంటే 13. బిన్ను అడుగున చిల్లుల రేకు నేల ఉంటుంది, దాని కిందినుంచి ఫ్యాన్ గాలి కొడుతుంది. చలి ముదిరేకొద్దీ గింజను మెల్లగా చల్లబరుస్తారు. చల్లగా, పొడిగా ఉంటే పురుగు లేవదు, బూజు పట్టదు. ఏప్రిల్ ఎండలు మొదలయ్యాక అసలు పరీక్ష వస్తుంది. బిన్ను దక్షిణపు గోడ వేడెక్కుతుంది, మధ్యలో గింజ ఇంకా చల్లగానే ఉంటుంది. ఆ తేడాకు తేమ లోపల్లోపల కదిలి ఒకచోట చేరుతుంది.

చెడిన గింజ లారీ కాటా మీదికి రాకముందే తెలిసిపోయేది మాకు. డ్రైవరు అద్దం దించుతూనే పులిసిన వాసన. మేం పైనుంచి గొట్టం దించి నమూనా తీస్తాం, ట్రే మీద పోస్తాం. మంచి గింజ జలజలా పరుచుకుంటుంది. వేడెక్కిన గింజ గోధుమ రంగుకు తిరిగి, రెండేసి మూడేసి అతుక్కుని పడుతుంది. ట్రే చూశాక రైతు ముఖం చూడబుద్ధి కాదు. ధర కోత ఎంతో చెప్పాలి కదా, ఆ మాట ట్రేకి చెప్పినట్టు చెప్పేవాణ్ని.

మీ పక్క పొలంలోవి పాతకాలపు మామూలు సైజువైతే, 30 అడుగుల వెడల్పు, 18 అడుగుల గోడ అనుకుందాం, ఒక్కోటి 10 వేల బుషెళ్లు పడతాయి. అంటే పది పెద్ద లారీలు. మూడు బిన్నులకు ముప్పై. కోతల్లో ఆ రోడ్డు మీద దుమ్ము ఎందుకంత లేస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. మార్చిలో మాత్రం లారీలు తగ్గితే ఆశ్చర్యపోకండి. మంచు కరిగి రోడ్ల కింద నేల మెత్తబడుతుందని చాలా పల్లె రోడ్ల మీద బరువు పరిమితులు పెడతారు. అందుకే తెలివైనవాళ్లు ఫిబ్రవరిలో, రోడ్డు ఇంకా రాయిలా ఉండగానే తోలేస్తారు.

ఇంకో సంగతి, మీది అయోవా కాబట్టి. 2019 మార్చి వరదల్లో మిస్సోరీ నది పొంగి నెబ్రాస్కా, నైరుతి అయోవాల్లో బిన్నులు మునిగాయి. నీళ్లు తాగిన సోయా, మొక్కజొన్న లోపల ఉబ్బి, స్టీలు గోడలు చీల్చుకుని బయటికి పొర్లాయి. మామూలు పంటల బీమా చేలో పైరుకే గానీ కోసి దాచిన గింజకు వర్తించదు. తర్వాత ఆ ఏడు పార్లమెంటు ఇచ్చిన విపత్తు సాయంలో నిల్వ గింజనూ చేర్చారు గానీ, ముందు కొన్ని నెలలు ఆ కుటుంబాలకు నిద్ర లేదు.

ప్రశ్న: దేశంలో 2,500 కోట్ల బుషెళ్లు నిల్వ చేసే వీలుందని, అందులో సగానికి పైగా పొలాల్లోనే ఉందని చదివాను. మరి శరదృతువులో ఎలివేటర్ల పక్కన నేల మీద కొండల్లా కుప్పలెందుకు?
— ఒక పాఠకుడు, ఫార్గో

అంకెలు సరైనవే. కానీ ఖాళీ బిన్ను ఇండియానాలో ఉంటే డకోటా గింజకు ఏం లాభం? నిల్వ చాలకపోవడం కంటే, రైలు రాకపోవడం వల్లే మా దగ్గర కుప్పలు పడేవి.

2013–14 చలికాలం మాకు పీడకల. నార్త్ డకోటా చమురు బావుల నుంచి ఆయిల్ రైళ్లు పట్టాల మీద క్యూ కట్టాయి, పైగా భయంకరమైన చలి, పైగా పెద్ద పంట. మా ఎలివేటర్‌కి 110 వ్యాగన్ల రైలు వచ్చిందంటే దాదాపు 4 లక్షల బుషెళ్లు ఒక్కసారిగా ఖాళీ అవుతాయి. ఆ రైలు ‘వచ్చే వారం’ అనేది రైల్వే కంపెనీ. వచ్చే వారం ఇంకో వచ్చే వారం అయ్యేది. వ్యాగన్లు ఉన్నవాడు వాటిని ఇతరులకు వేల డాలర్ల ప్రీమియంకి అమ్ముకున్నాడు. ఆ ఖర్చు చివరికి ఎవరి మీద పడుతుంది? మేం రైతుకిచ్చే ధరను షికాగో ఫ్యూచర్స్ ధర కంటే ఇంకాస్త, ఇంకాస్త తగ్గించాం. ఆ తేడాను బేసిస్ అంటారు. టీవీలో ధర బాగానే ఉంటుంది, మా బోర్డు మీద ఉండదు. రైతు వచ్చి నన్ను తిట్టేవాడు. కాటా గదిలో కూర్చున్నవాడికి అందరి తిట్లూ తగులుతాయి. ఆ రైల్వే వాళ్లు మాత్రం ఎవరికీ కనపడరు.

2018 కథ వేరు. మా ప్రాంతపు సోయా చాలావరకు రైలెక్కి పసిఫిక్ తీరానికి, అక్కణ్నించి చైనాకు పోయేది. ఆ జులై 6న చైనా 25 శాతం సుంకం వేసింది. కోతల నాటికి పడమటి వైపు బేరాలు దాదాపు ఎండిపోయాయి. కొన్ని ఎలివేటర్లు సోయా తీసుకోబోమనే చెప్పేశాయి. అసలు సోయాను నేల మీద కుప్ప పోయడమంటే మాలాంటివాళ్లకు ఒళ్లు జలదరిస్తుంది, మొక్కజొన్నంత ఓర్చుకోదది. మరుసటేడు సెప్టెంబరు 1న, అంటే పాత పంట సంవత్సరం ముగిసినప్పుడు, దేశంలో మిగిలిన సోయా 90 కోట్ల బుషెళ్లు దాటింది. ఏడాది ముందు అది 44 కోట్లకు కాస్త లోపు. నిల్వ రిపోర్టులో ఆ ఒక్క అంకె చూస్తే చాలు, ఆ గొడవంతా అర్థమైపోతుంది.

ఈసారి కుప్ప దగ్గరికెళ్తే ఒకటి గమనించండి. చుట్టూ చిల్లుల గోడ, పైన టార్పాలిన్, గోడ దగ్గర ఫ్యాన్లు. ఆ ఫ్యాన్లు గాలిని లోపలికి కొట్టవు, బయటికి లాగుతాయి. ఆ లాగుడుకే టార్పాలిన్ గింజకు అతుక్కుపోయి, డకోటా గాలులకు ఎగిరిపోకుండా ఉంటుంది. అర్ధరాత్రి కరెంటు పోతే ఎలివేటర్ మేనేజరుకు ఎంత టెన్షనో ఊహించుకోండి.

ప్రశ్న: ఇదంతా రైతును ముంచడానికే. ధర పడగొట్టాలని ప్రభుత్వం ఎకరాలు పెంచి చూపిస్తుంది. మా పక్క రైతులెవరూ సర్వేకి జవాబివ్వరు, మంచి పని చేస్తున్నారు. మీరేమంటారు?
— ఒక పాఠకుడు, నెబ్రాస్కా

కోపం ఎక్కడినుంచి వచ్చిందో నాకు తెలుసండీ. 2019 జూన్ చివర, చేలన్నీ నీళ్లలో ఉండగా, నాస్ మొక్కజొన్న 9.17 కోట్ల ఎకరాలంది. ఆ రోజు మార్కెట్ కుప్పకూలింది. మా కౌంటర్ దగ్గర రిపోర్టు ప్రింటు నలిపి చెత్తబుట్టలో వేసినవాళ్లున్నారు. నాస్ కూడా అదే రోజు 14 రాష్ట్రాల్లో మళ్లీ అడుగుతామని చెప్పింది. ఆగస్టు 12న 9 కోట్లంది, అదీ మార్కెట్ అనుకున్నదానికంటే ఎక్కువే. ఆ రోజు ధర 25 సెంట్లు, అంటే ఒక రోజులో పడనిచ్చినంతా పడింది. ఆ నెలలోనే పంటల పరిశీలన యాత్రలో ఉన్న శాఖ ఉద్యోగికి బెదిరింపు వచ్చిందని సిబ్బందిని వెనక్కి పిలిపించారు. అంతదాకా వెళ్లడం మాత్రం నేను ఒప్పుకోను. ఫోన్ చేసి అడిగేవాళ్లు ఎక్కువమంది మనలాంటి నెల జీతగాళ్లు.

కావాలని పెంచుతారన్నదానికి లెక్క కుదరదు. 2025లో మార్చి అంకె అసలు కంటే 34 లక్షల ఎకరాలు తక్కువ చెప్పింది. పడగొట్టాలనుకున్నవాడు తక్కువెందుకు చెబుతాడు? ఇక జవాబివ్వకపోవడం సంగతి. 1990ల మొదట్లో ఈ సర్వేలకు ప్రతి పదిమందిలో ఎనిమిది మందికి పైగా జవాబిచ్చేవారు. ఈ మధ్య అది సగం చుట్టుపక్కలకు పడిపోయింది. జవాబిచ్చేవాళ్లు తగ్గేకొద్దీ మిగిలినవాళ్ల మాటకు బరువు పెరుగుతుంది, అంకె ఊగుతుంది, మీ పక్క రైతుకు ఇంకా కోపం వస్తుంది. పెద్ద కంపెనీలకు ఉపగ్రహ చిత్రాలున్నాయి, సొంత మనుషులున్నారు, మా ఎలివేటర్‌కే రోజూ నాలుగు ఊళ్ల కబురు అందేది. డబ్బు పెట్టి కొనుక్కోకుండా రైతుకు దొరికే అంకె ఇదొక్కటే. ఒక్కో రైతు చెప్పింది విడిగా బయటపెట్టకూడదని చట్టంలోనే ఉంది, పన్నుల వాళ్లకూ ఇవ్వరు. జవాబివ్వడం ఇవ్వకపోవడం మీ పక్కవాళ్ల ఇష్టం. కానీ ఇవ్వకపోవడాన్ని మంచి పని అనకండి.

ప్రశ్న: తర్వాతి రిపోర్టు ఎప్పుడు? దాన్లో ఏం చూడాలి?
— ఒక పాఠకుడు, సూ ఫాల్స్

జూన్ చివర. అప్పుడు ఎకరాల ప్రశ్న మారుతుంది: వేసినవెన్ని, ఇంకా వేయాల్సినవెన్ని అని. దాంతోపాటే జూన్ 1 నాటి నిల్వలు కూడా వస్తాయి. గోధుమకు జూన్ 1తో కొత్త సంవత్సరం మొదలు కాబట్టి, ఆ అంకె పాత గోధుమ ఎంత మిగిలిందో చెప్పేస్తుంది. మొక్కజొన్న, సోయాలకు ఆ సంగతి తెలియాలంటే సెప్టెంబరు 1 నిల్వల దాకా, అంటే సెప్టెంబరు ఆఖరి రిపోర్టు దాకా ఆగాలి. మీరుండేది మా పాత ఇలాకాలోనే కాబట్టి జూన్‌లో అటూ ఇటూ తిరిగినప్పుడు బిన్నుల దగ్గర లారీలు కనిపిస్తున్నాయో లేదో చూడండి. కోతలకు ముందు బిన్ను ఖాళీ చేయక తప్పదు. వేసవిలో ఆలస్యంగా మొదలెడితే అందరూ ఒకేసారి కాటా దగ్గరికి వస్తారు, అప్పుడు బోర్డు మీద ధర ఎటు పోతుందో నన్నడగక్కర్లేదు.